దుబాసీ నోటి ‘అట’

కోర్టులో దుబాసీగా పనిచేసే ఆయన మహా భక్తుడు. అబద్ధమాడిన నోటితో దేవుణ్ణి పిలవకూడదని తల్లి చెప్పిన మాటను తు.చ. తప్పకుండా పాటించేవాడు. చిక్కల్లా ఉద్యోగంతోనే. సాక్షి పరభాషలో ఏం చెబితే అది సాక్షి చెప్పినట్టే కోర్టు భాషలో చెప్పాలి. దొంగ “నేనా రోజు ఊళ్లో లేను” అని బొంకితే, ఈయనా జడ్జి ముందు నిలబడి “నేనా రోజు ఊళ్లో లేను” అనాలి.

చాలాకాలం మథనపడి ఉపాయం కనిపెట్టాడు. ప్రతి వాక్యానికీ చివర ‘అట’ తగిలించాడు. ఊళ్లో లేడట. కర్ర ముట్టనే లేదట. పాపం వాళ్లకి, జీతం తనకి. జడ్జి కళ్లజోడు పైనుంచి ఓసారి చూసి, సాక్ష్యం రాసుకున్నాడు.

అలా సాగుతుండగా లాండ్రీలో పనిచేసే పెద్దావిడ సాక్ష్యానికి వచ్చింది. బట్టలు పిండే రోలర్లలో పడి ఆమె వేళ్లు పోయాయి. పని తొందరగా తెమలాలని చేతులు పడకుండా రోలర్లకు అడ్డుగా ఉండే జాలీని యజమానే తీయించాడని చెప్పింది.

“జాలీ యజమానే తీయించాడట. వద్దని మొత్తుకుందట. వేళ్లు పోయాయట” అన్నాడు దుబాసీ.

వేళ్లు లేని చెయ్యి అందరికీ కనబడుతూనే ఉంది. యజమాని తరఫు వకీలు లేచి, దుబాసీ గారికే నమ్మకం లేని మాట కోర్టువారు ఎలా నమ్ముతారని అడిగాడు. జనం నవ్వారు.

ఎందుకు నవ్వుతున్నారని ఆమె దుబాసీనే అడిగింది. ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు.

“నా మాట నమ్మలేదా నాయనా?”

“నమ్మానమ్మా.”

“మరి అలాగే చెప్పు.”

దుబాసీ జడ్జి వైపు తిరిగి, మొదటినుంచీ మళ్లీ చెబుతానని అనుమతి అడిగాడు. కారణమేమిటని జడ్జి అడిగితే, “నా పుణ్యం చూసుకుని ఆవిడ సాక్ష్యం పాడుచేశానండీ” అన్నాడు.

“జాలీ మా యజమానే తీయించాడు. వద్దని మొత్తుకున్నాను. నా వేళ్లు పోయాయి” అని ఈసారి చెప్పాడు.

తర్వాత ఆమె భాషవాడే అయిన లాండ్రీ మేస్త్రీ బోనెక్కి, జాలీ ఎవరూ తీయలేదన్నాడు. దుబాసీ ‘అట’ తగిలించకుండానే “జాలీ ఎవరూ తీయలేదు” అన్నాడు.

తీర్పు పెద్దావిడ వైపే వచ్చింది. ‘అట’లు తగిలించినందుకు దుబాసీకి మందలింపు వచ్చింది. న్యాయమేననుకున్నాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, కోర్టులో పచ్చి అబద్ధమాడిన సంగతి భార్యకు చెప్పాడు.

“పాపం అంటుకుంటుందంటావా?”

“అంటుకుంటే అంటుకోనివ్వండి. ఆవిడ వేళ్లు పోయాయి, మీకేం పోయింది?”

ఆయన కంచం ముందుకు జరిపి, ఇంకాస్త వడ్డించమన్నాడు.