పొగ తెగిన చోటు

ఆ పొద్దున ఆకాశం మూతపెట్టిన కుండలా ఉంది. మబ్బు కదలదు, గాలి ఆడదు. ఇలాంటి పొద్దున పొగ ఎక్కడికీ పోదు. వదిలినచోటే నీళ్ళ మీద పడుకుంటుంది.

బక్కోడు రేవుకు వచ్చేసరికి అతని బావ, పడవ నడిపే సరంగు, అప్పటికే చుక్కాని దగ్గర కూర్చున్నాడు. బావమరిది వైపు చూడలేదు. పక్కనున్న ఇంజన్ మేస్త్రితో మాత్రం బక్కోడికి వినబడేలా అన్నాడు.

"ఇవాళ తేలిపోవాలి మేస్త్రీ. పొగన్నా పోవాలి, వీడన్నా పోవాలి. ఇంకో మనిషిని మాట్లాడి పెట్టుకున్నా."

బక్కోడు కట్టుతాడు విప్పాడు. ఆ పడవ వాళ్ళ నాన్న చేయించింది. ఆయన పోయాక చుక్కాని అక్క మొగుడి చేతికొచ్చింది, వల బక్కోడి చేతికొచ్చింది. ఇది దిగితే ఎక్కించుకునే పడవ ఇంకొకటి లేదు. ఇంజన్లు పాడుచేసే చెయ్యి వాడిదని సరంగు రేవంతా చాటింపు వేసి ఉన్నాడు మరి.

గొడవ మొదలైంది ఒక వల దగ్గర. వల పడవ కింద తిరిగే పంకాకు చుట్టుకోబోతుంటే "ఆపు బావా" అని బక్కోడు గొంతు చించుకున్నాడు. పక్క పడవలవాళ్ళకు వేగం చూపించే హుషారులో సరంగు వినిపించుకోలేదు. బక్కోడు ఇంజన్ పెట్టె పక్కనున్న సందులోంచి పుల్లలాంటి చెయ్యి దూర్చి ఆపే మీట లాగేశాడు. వల దక్కింది. పక్క పడవలోంచి ఎవరో, "సరంగు ఎవరో ఇప్పుడు తెలిసిందిలే" అని నవ్వారు. ఆ నవ్వు సరంగు గుండెల్లో చేపముల్లులా దిగింది. మర్నాడే పెట్టె మూతకు తాళం పడింది, సందులన్నిటికీ పలకలు పడ్డాయి. ఆ తర్వాత వేటకు పోయిన మొదటిరోజే పొగగొట్టంలోంచి గేదె రంగు పొగ లేచింది. బక్కోడి చెయ్యే ఇంజన్‌ను చెరిచిందని సరంగు తీర్పు చెప్పేశాడు.

"తెల్లపొగైతే నీళ్ళు దిగాయనుకోవచ్చు, నీలం పొగైతే ఇంజన్ ఆయిల్ కాలుతోందనుకోవచ్చు," అన్నాడు మేస్త్రి, పడవ రేవు దాటుతుంటే. "నల్లపొగంటే డీజిల్ ఎక్కువవ్వాలి, లేదా గాలి తక్కువవ్వాలి. డీజిల్ చిమ్మే నాజిళ్ళు చూశా, గాలి జల్లెడ కడిగా, పంకా చూశా. నిన్న రేవులో మూత తీసి ఉరికిస్తే కడిగిన ముత్యంలా ఉంది."

"రేవులో వీడు లేడుగా. వీడి మొహం చూస్తే ఇంజన్‌కే కడుపులో తిప్పుతోంది."

"ఇన్నేళ్ళు నీ మొహం చూసి కూడా తిరుగుతోందంటే గట్టి ఇంజనే బావా."

మేస్త్రి నవ్వు మింగేసుకున్నాడు. సరంగు వేగం పూర్తిగా పెంచాడు. నల్లటి పొగ బుస్సుమంది.

"తాళం తియ్యి," అన్నాడు మేస్త్రి.

సరంగు మొలతాడు నుంచి తాళంచెవి తీసి మూత ఎత్తాడు. మేస్త్రి పెట్టెలోకి వంగి చాలాసేపు చూశాడు, చెవి పెట్టి విన్నాడు. తల ఎత్తి పొగగొట్టం వైపు చూస్తే పొగ పలచబడి ఉంది. మూత దించారు. కాసేపటికి మళ్ళీ నలుపు.

"చూశావా మేస్త్రీ, దొంగ ఎవరో? అటు తిరిగి ఏదో చేశాడు వీడు."

బక్కోడు నిజంగానే అటు తిరిగి ఉన్నాడు. పడవ వెనక నీళ్ళను చూస్తున్నాడు. గాలి లేని సముద్రం మీద పొగ నల్లటి చారలా పడుకుని ఉంది. నడుమ ఒకచోట మాత్రం చార తెగి, నీళ్ళు తేటగా కనిపిస్తున్నాయి.

"అక్కడ తెగింది చూడు మేస్త్రీ. మూత తీసినంతసేపే అది. మళ్ళీ తియ్యి."

సరంగు కదల్లేదు. మేస్త్రే మూత ఎత్తి పట్టుకున్నాడు. పొగ తెగింది. దించాడు. వచ్చింది. మేస్త్రి పెట్టె చుట్టూ చెయ్యి తడిమి, పలకల దగ్గర ఆగాడు.

"ఇంజన్‌కు ఊపిరాడే సందులివి. ఎవరు మూశారు?"

"అలలు కొట్టినప్పుడు నీళ్ళు పడతాయని," అన్నాడు సరంగు, సముద్రం వైపు చూస్తూ.

"నీళ్ళు కాదు, నా చెయ్యి దూరకూడదని," అన్నాడు బక్కోడు.

మేస్త్రి ఇద్దరినీ చూశాడు. "మీ మధ్య ఏముందో నాకు తెలీదు గానీ, నడుమ దీని పీక నొక్కారు."

బక్కోడు సుత్తి అందుకున్నాడు. సరంగు దాన్ని లాక్కున్నాడు. తను కొట్టిన మేకులు తనే పీకాడు, ఒక్కో మేకూ పంటిని పీకినట్టు. తిరిగొచ్చేటప్పుడు మూత వేసే ఉంది, తాళమూ ఉంది. పొగ లేదు.

"పొగ పోయిందని నీ పొగరు భరిస్తాననుకోకు," అన్నాడు సరంగు.

"నేనేం అడిగాను?"

రేవులో మేస్త్రి దిగి తన దారిన పోయాడు. పలకలు బక్కోడు భుజాన వేసుకెళ్ళి అక్క పొయ్యి పక్కన పడేశాడు. ఆమె మొగుడి మొహం చూసింది, తమ్ముడి మొహం చూసింది. పలకల్ని విరిచి పొయ్యిలో పెట్టింది.

ఎసరు మరుగుతుండగా సరంగు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెయ్యి చాస్తే అందేంత దూరంలో బక్కోడు కూర్చున్నాడు.

"మీ తమ్ముడికి చెప్పు," అన్నాడు సరంగు పెళ్ళాంతో. "తెల్లారకముందే రేవులో ఉండమను. ఆలస్యమైతే తాడు విప్పేస్తా."

"నా తమ్ముడికి చెవులున్నాయి," అందామె.

ముగ్గురికీ కంచాలు పెట్టింది. పొయ్యిలో పలక మండి, అందులో విరిగి మిగిలిపోయిన ఒక మేకు ఎర్రగా బయటపడింది. అన్నం, చేపల పులుసు. ఎవరూ తల ఎత్తకుండా తిన్నారు.