బావగారి ఫోల్డరు

ఆ యానిమేషన్ స్టూడియోలో పిల్లల కోసం ఒక ఉడుతల కుటుంబం కథ తయారవుతోంది. మూడేళ్ళుగా తయారవుతూనే ఉంది. తాత ఉడుత, అమ్మమ్మ ఉడుత, వాళ్ళ సంతానం, ఆ సంతానానికి సంతానం, వెరసి పదిహేడు ఉడుతలు, పదిహేడు తోకలు. ఆ తోకలన్నిటినీ కదిలించే భారం ఒక్కావిడదే. చిత్రకళలో పట్టా ఉంది, ఎనిమిదేళ్ళ అనుభవం ఉంది, ముఖాల్లో భావం పలికించాలన్న కోరిక ఉంది. ఇవన్నీ ఉన్నందుకే కాబోలు, ఆవిడకు తోకలు అప్పగించారు. ఆఫీసులో అందరూ తోకలమ్మ అనేవారు. మొదట్లో ఒళ్ళు మండేది. జీతం చీటీ మీద తప్ప అసలు పేరు ఇంకెక్కడా వినబడకపోయేసరికి ఆవిడే అలవాటు పడిపోయింది.

ఉడుత తోకంటే మాటలు కాదు. ఉడుత ముందుకు గెంతితే తోక వెనక్కి వంగాలి. ఉడుత ఆగితే తోక ఓ క్షణం ఆలస్యంగా ఆగాలి. చేత్తో చేస్తే ఒక్క గెంతుకే పూటంతా పట్టేది. అందుకని తోకలమ్మ రెండు నెలలు కూర్చుని ఒక స్క్రిప్టు రాసింది. ఆ చిన్న ప్రోగ్రామును యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కు తగిలిస్తే చాలు, ఒళ్ళు కదిలిన తీరును బట్టి తోక దానంతటదే ఊగుతుంది. కనురెప్పలకు ఇంకెవరో రాశారు, మీసాలకు మరొకరు రాశారు. అలా అలా స్టూడియోలో నూటికి పైగా స్క్రిప్టులు పోగుపడ్డాయి. రాయడం ఒక ఎత్తు. వాటిని తగిలించడం బ్రహ్మవిద్య. ఆ విద్య బావగారికి ఒక్కరికే వచ్చు.

బావగారంటే యజమాని భార్యకు స్వయానా తమ్ముడు. యజమాని 'బావా' అని పిలిచేవాడు కాబట్టి ఊరందరికీ బావగారైపోయాడు. ఆయన గది తలుపు మీద 'సాంకేతిక విభాగాధిపతి' అని పలక ఉండేది. విభాగంలో ఆయన తప్ప ఇంకో మనిషి లేకపోవడం వల్ల ఆధిపత్యానికి ఎన్నడూ ఎదురు రాలేదు.

స్క్రిప్టు కావలసినవాళ్ళు ముందు ఫారం నింపాలి. రెండు రోజులకు బావగారు దయచేసేవాడు. "కాస్త అటు తిరగండి" అనేవాడు, బీరువా తాళం తీస్తున్నట్టు. సాఫ్ట్‌వేర్ మూసి, ఏడు ఫోల్డర్ల లోపలున్న ఎనిమిదో ఫోల్డరులో ఫైలు పెట్టి, మరో ఫైలులో ఒక వాక్యం చేర్చి, మళ్ళీ తెరిచేవాడు. ఆ వాక్యంలో ఒక్క కామా తప్పినా సాఫ్ట్‌వేర్ మొత్తం బొక్కబోర్లా పడేది. అప్పుడు "మీ కంప్యూటరుకి వయసైపోయిందండీ" అని సానుభూతి చూపేవాడు. ఏటా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ రాగానే పాత స్క్రిప్టులన్నీ మాయమయ్యేవి. ఇక చూడాలి, కొత్తల్లుడి మర్యాదలే. రెండు వారాల పాటు సీటు సీటుకూ వెళ్ళి, సీటు సీటు దగ్గరా టీ తాగి, ఒక్కొక్కటే తగిలించేవాడు. ఇరవై మూడు సీట్లు. బావగారు మనిషి సన్నగానే ఉండేవాడు గానీ, ఆ రెండు వారాల్లో కాస్త ఒళ్ళు చేసేవాడు.

అమ్మమ్మ ఉడుత అడ్డం రాకపోతే ఈ ఏర్పాటు కలకాలం వర్ధిల్లేదే.

పన్నెండో భాగంలో తాత ఉడుత చనిపోతాడు. అమ్మమ్మ ఉడుత కొమ్మ మీద ఒంటరిగా కూర్చుని ఆకాశంలోకి చూడాలి. కథ కొనుక్కున్న ఛానెల్ తరఫున ముగ్గురు వచ్చి ప్రదర్శన గదిలో కూర్చున్నారు. వయొలిన్ మొదలైంది. అమ్మమ్మ ఉడుత మెల్లగా తలెత్తింది. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. నీళ్ళతో పాటు వెనకాల తోక కూడా తిరగడం మొదలుపెట్టింది. ఒక చుట్టు, రెండు చుట్లు, ఆ పైన ఫ్యాను రెక్కలా గిర్రుమంటూ వేగం అందుకుంది. ఛానెల్ మనుషుల్లో ఒకాయన నవ్వును దగ్గులోకి మార్చుకున్నాడు. పక్కనున్న పెద్దావిడ మాత్రం నవ్వలేదు.

"ఇప్పుడీవిడ ఎగిరి వెళ్ళిపోతుందా?" అని అడిగింది.

మర్నాడు సమావేశం పెట్టారు. యజమాని చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"తప్పెవరిది?"

"తోకది" అన్నాడు బావగారు, తడుముకోకుండా.

అందరూ తోకలమ్మ వైపు తిరిగారు.

"సార్, ఆ తప్పు నేను నిరుడే దిద్దాను. ఆ సీను తొమ్మిదో సీటులో చేశారు. అక్కడ ఏ వెర్షన్ ఉందో ముందు చూడండి."

"చివరిదే ఉంది" అన్నాడు బావగారు.

"ఏ చివరిది?"

అడగవలసిన ప్రశ్నే. స్టూడియోలో 'తోక చివరిది', 'తోక నిజంగా చివరిది', 'తోక ఇదే వాడండి' అని మూడు ఫైళ్ళు తిరుగుతున్నాయి. ఏ సీటులో ఏదుందో బావగారికీ తెలియదు. యజమాని చాలాసేపు ఆలోచించాడు. ఇలాంటి అనర్థం మళ్ళీ జరగకుండా గట్టి చర్య తీసుకోవాలన్నాడు. తీసుకున్నాడు కూడా. ఇకమీదట స్క్రిప్టు కావలసినవాళ్ళు ఒక ఫారం కాదు, రెండు ఫారాలు నింపాలి.

ఆ సాయంత్రం తోకలమ్మ ఇంట్లో గిన్నెలు కడుగుతూ జరిగిందంతా భర్తకు చెప్పింది. ఆయన లిఫ్టు మెకానిక్కు. పక్కన నిలబడి తుడుస్తూ విన్నాడు.

"ఆ ఎనిమిదో ఫోల్డరు ఎక్కడుందో నీకు తెలీదా?"

"ఎందుకు తెలీదు? తెలిసినట్టు ఉండకూడదు, అంతే. ఆయనకి బాధ."

"మా లిఫ్టులో మీటల మీద అంకెలన్నీ చెరిపేసి, ఏది ఏ అంతస్తో నాకొక్కడికే తెలిసేలా పెట్టుకున్నాననుకో. నన్నూ బావగారనే అంటారు."

"నవ్వకు. నలుగురిలో తల కొట్టేసినట్టయింది నాకు."

"నవ్వట్లేదు. మీట ఉండాలి. మీద పేరుండాలి. పనిచేస్తోందో లేదో చెప్పే దీపం ఉండాలి. ఒక మీట చెడిందని లిఫ్టంతా ఆగిపోకూడదు. ఇంతకన్నా ఏం కావాలి మీకు?"

"నీకు లోకమంతా లిఫ్టే" అని విసుక్కుంది ఆవిడ. ఆ మాట మాత్రం తలలోంచి పోలేదు.

మర్నాటి నుంచి ఆఫీసుకు గంట ముందే వెళ్ళడం మొదలుపెట్టింది. నేల తుడిచే ఆమె తప్ప ఎవరూ ఉండరు ఆ వేళప్పుడు. కుర్చీల కాళ్ళ మధ్య చీపురు చప్పుడు వింటూ, రోజుకు కొంచెం చొప్పున మూడు నెలల్లో పని పూర్తిచేసింది. చూడబోతే పెద్ద విశేషమేమీ లేదు, తెర పక్కన ఒక చిన్న కిటికీ. స్క్రిప్టు ఫైలును మౌసుతో లాగి అందులో పడేస్తే, ఎక్కడికి చేరాలో అదే చూసుకుని చేరుతుంది. ఏ ఏ స్క్రిప్టులున్నాయి, ఎవరు రాశారు, ఎన్నో వెర్షన్, అన్నీ వరసగా కనిపిస్తాయి. ఒక్కోదానికీ ఒక్కో స్విచ్చు. కొత్త వెర్షన్ వస్తే పక్కన చుక్క వెలుగుతుంది, నొక్కితే మారిపోతుంది. ఏదైనా స్క్రిప్టు చెడితే దాని పేరు ఒక్కటే ఎర్రబడుతుంది తప్ప మిగతావాటి జోలికి రాదు.

ముందుగా పెద్దాయనకు చూపించింది. ముప్పై ఏళ్ళు కాగితం మీద బొమ్మలు గీసి కంప్యూటరుకు వచ్చిన మనిషి ఆయన. మౌసును ఇప్పటికీ పామును పట్టినట్టు పట్టుకుంటాడు.

"ఈ ఫైలు లాగి ఇందులో వెయ్యండి, బాబాయ్."

వేశాడు. చెయ్యి తీసేసి, కళ్ళు చికిలించి చూశాడు.

"తర్వాత?"

"తర్వాతేం లేదు. అయిపోయింది."

"అటు తిరగొద్దా?"

"అక్కర్లేదు."

"మరి నేను నింపిన ఫారాలో?"

ఆయన అరగంట సేపు నమ్మలేదు. నమ్మాక మాత్రం ఊరుకోలేదు. మధ్యాహ్నానికి ఎడమ వైపు సీటుకు నేర్పాడు, సాయంత్రానికి కుడి వైపు సీటుకు. వారం తిరిగేసరికి ఇరవై మూడు సీట్లలోనూ ఆ కిటికీ వెలిసింది. బావగారి గదిలో ఫారాల దొంతర పెరగడం మానేసింది. నాలుగు రోజులు ఓపిక పట్టాడు. అయిదో రోజు తనే బయటికి వచ్చి, "ఏమండీ, ఎవరికీ ఏమీ చెడలేదా?" అని ఆశగా అడిగాడు. ఎవరికీ ఏమీ చెడలేదు.

సంగతి తెలియగానే యజమాని దగ్గరికి పరుగెత్తాడు. భద్రత మంటగలిసిందన్నాడు. "ఇలా ఎవరికి వారే తగిలించుకుంటూ పోతే, బావా, ఇక మనమెందుకు?" అన్నాడు. ఆ 'మనం'లో తను ఎందుకున్నాడో యజమానికి వెంటనే తట్టలేదు. అదేమిటో తన కంప్యూటరులోనే చూపించమని తోకలమ్మను పిలిపించాడు.

ఆవిడ ఒక్కొక్కటే వివరించింది. యజమాని సగం కూడా వినలేదు. ఆయనకు స్విచ్చులు నచ్చాయి. కనురెప్పలు ఆపాడు, పెట్టాడు. మీసాలు ఆపాడు, పెట్టాడు. బొమ్మ దొరికిన చంటిపిల్లాడిలా వరసగా నొక్కుకుంటూ పోతుంటే ఒక పేరు దగ్గర వేలు ఆగింది. 'తీయరాదు' అని ఉంది. రాసినవారు: బావగారు. ప్రతి సీటులోనూ ఉండేది అది. పేరే అలా ఉన్నాక ముట్టుకునే ధైర్యం తోకలమ్మతో సహా ఎవరికీ లేకపోయింది.

"ఇదేం చేస్తుంది?"

"అది... మూలాధారం, బావా" అన్నాడు బావగారు. ముఖం పాలిపోయింది.

యజమాని ఆపేశాడు. సాఫ్ట్‌వేర్ మూసి తెరిచాడు. ఎప్పుడూ నిమిషం దాకా పట్టేది, రెప్పపాటులో తెరుచుకుంది. మళ్ళీ మూశాడు, మళ్ళీ తెరిచాడు. రెప్పపాటే.

"ఇందులో ఏముందో తెరువమ్మా" అన్నాడు తోకలమ్మతో.

తెరిచింది. రెండే వరసలు. మొదటి వరస: నలభై సెకన్లు ఆగు. రెండో వరస: చాలు.

బావగారు తల వంచుకుని చొక్కా గుండీ తిప్పుకుంటూ నిలబడ్డాడు.

"నేను ఫైలు పెట్టి లేచేసరికి చటుక్కున తెరుచుకునేది, బావా" అన్నాడు చివరికి. "అంత తొందరగా అయిపోతే, నేనేదో చేశానని ఎవరనుకుంటారు?"

తిట్టిపోద్దామని నోరు తెరవబోయిన తోకలమ్మ ఆ మాటతో మనసులో లెక్క వేసింది. ఏళ్ళ తరబడి నలభై సెకన్లు, రోజుకు పదిసార్లు, ఇరవై మూడు సీట్లు. మధ్యలోనే మానుకుంది. మనిషిని చూస్తే జాలేసింది. జాలి పడ్డందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

యజమాని న్యాయంగానే ఆలోచించాడు. ఒక పక్క స్టూడియో, ఇంకో పక్క ఇల్లాలు. మర్నాడు గోడ మీద ప్రకటన వెలిసింది. 'బావగారి దూరదృష్టితో, సాంకేతిక విభాగం ఆధ్వర్యంలో, స్క్రిప్టుల నిర్వహణకు నూతన వ్యవస్థ.' అడుగున చిన్న అక్షరాల్లో 'సహకారం: తోకలమ్మ' అని ఉంది. ఆ ప్రకటనలోనూ అసలు పేరు లేదు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దాయన నలుగురూ వినేలాగే అన్నాడు.

తోకలమ్మ ప్రకటన రెండుసార్లు చదివి, నేరుగా యజమాని గదిలోకి వెళ్ళింది.

"ఆ కిటికీ చేసింది నేను. దాని మీద నా పేరు వేసుకున్నాను, అది తీయను. గోడ మీది కాగితం మీ ఇష్టం. నాకు ఇంకొకటి కావాలి."

"జీతమా?" అన్నాడు యజమాని, కుర్చీ వెనక్కి జరుపుతూ.

"కాదు. అమ్మమ్మ ఉడుత సీను మళ్ళీ చేస్తున్నారుగా. ఆవిడ ముఖం నేను చేస్తాను. తోకలకిక నేనక్కర్లేదు, స్విచ్చు చాలు."

పైసా ఖర్చు లేని కోరిక. యజమాని ఉదారంగా ఒప్పుకున్నాడు.

బావగారికి ఏ లోటూ జరగలేదు. ఏ సీటులో ఏ స్క్రిప్టు ఎన్నో వెర్షన్‌లో ఉందో పొద్దున్నే జాబితా చూసి, వెనకబడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి చుక్క నొక్కమని గుర్తుచేయడం ఆయన కొత్త ఉద్యోగం. విచిత్రమేమిటంటే, నూరు స్క్రిప్టుల్లో ఏది దేనికి పనికొస్తుందో ఆయనకు నోటికి వచ్చు. జనం నిజంగానే వచ్చి అడగసాగారు. ఆయనా ఎవరినీ అటు తిరగమనకుండానే చెప్పసాగాడు.

తోకలమ్మ అమ్మమ్మ ఉడుత ముఖం మీద మూడు వారాలు కూర్చుంది. మొదటిసారి చూసి దర్శకురాలు పెదవి విరిచింది. "ఏడుస్తోంది గానీ, పోయినాయన గుర్తొచ్చి ఏడుస్తున్నట్టు లేదు. జలుబు చేసినట్టుంది" అంది. రెండోసారీ తిప్పికొట్టింది. మూడోసారి తిట్లు తిని సీటుకు తిరిగొస్తుంటే, "ఏమైంది?" అని అడిగాడు పెద్దాయన.

"కింది పెదవి బాలేదట, బాబాయ్" అంది ఆవిడ, పండు వెన్నెల లాంటి ముఖంతో. కుర్చీ ముందుకు లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది.