కారం పూసిన వేలు

మహాదేవి కూతురు రంజితకు ఏడేళ్ళొచ్చినా వేలు చీకడం మానలేదు. ముందరి పాలపళ్ళు రాలి, కొత్తవి రెండు మొలిచాయి. మొలిచినవి నేరుగా దిగక, ముందుకు పొడుచుకొచ్చాయి. సిరిగేరి ఊళ్ళో పిల్లకాయలు ఊరుకుంటారా? "కొబ్బరి తురిమిపెడతావేమే" అంటూ వెంటపడ్డారు. కుండ మూతికైతే మూకుడుంది, ఊరి మూతికేముంది? పిల్ల నవ్వడం మానేసింది. బడిలో పద్యం చెప్పమన్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే చెబుతుంది.

బడికొచ్చిన పళ్ళ డాక్టరమ్మ మహాదేవిని పిలిపించి, కన్నడం కలిసిన తెలుగులో చెప్పింది.

"నోడమ్మా, చూడు, ఇప్పుడు మానిపిస్తే ఈ పండ్లు కొంచెమన్నా సర్దుకుంటాయి. మిగతా కొత్త పండ్లు కూడా నోట్లో ఏలుండంగనే వచ్చినాయంటే, మీదివి ముందుకు తోసుకొస్తాయి, నడుమ సందు నిలిచిపోతాది. ఆమేలె, ఎనక, పండ్లకు తీగలు కట్టించాల్సిందే. కొట్టొద్దు, కారం పుయ్యొద్దు. ఎప్పుడు చీకుతాదో, ఎందుకు చీకుతాదో చూడు."

చూడ్డానికి తీరికెక్కడ ఏడ్చింది! అది మిరపకోతల కాలం. తెల్లారీ తెల్లారకముందే మేస్త్రి టెంపో వస్తుంది, దీపాలు పెట్టాక దింపిపోతుంది.

"ఆయమ్మ వచ్చి సాకుతాదా నీ బిడ్డను? కారం పుయ్యి, అదే మానుకుంటాది. మొక్కై వంగంది మానై వంగుతాదా?" అంది అత్త మారమ్మ.

ఆ అలవాటు చేసిందెవరో ఆ మహాతల్లికి గుర్తే లేదు. రంజిత చంటిబిడ్డగా ఉన్నప్పుడు, కోత నుంచి వచ్చిన మహాదేవి ఆత్రంగా పాలిచ్చింది. మిరపపండ్లు కోసిన చెయ్యి ఎంత తోమినా మంట పోతుందా? బిడ్డ మూతి వాచి, గుక్కపట్టి ఏడ్చింది. "కోతలయ్యేదాకా బిడ్డను తాకొద్దు" అని మారమ్మ బిడ్డ వేలు బిడ్డ నోట్లోనే పెట్టింది. "ఇదే మీయమ్మ అనుకో, సుమ్నె, గమ్మున పండుకో" అంది. బిడ్డ ఏడుపు ఆపింది. హమ్మయ్య అనుకుంది మహాదేవి. ఆ కోతలు అయిపోయాయి, మరుసటేడు మళ్ళీ వచ్చాయి. వేలు మాత్రం నోట్లోనే ఉండిపోయింది.

అత్త కారం మాట చెప్పిన మర్నాడు పొద్దున్నే, టెంపో రాకముందు, మహాదేవి కారం నూరి కూతురి బొటనవేలికి దట్టంగా పట్టించింది. వేలు నోట్లో పెట్టుకోగానే పిల్ల కెవ్వుమంది. పెదాలు పొంగాయి, ముక్కు కారింది. అయినా వేలు మళ్ళీ నోట్లోకే పోయింది. మహాదేవికి అరికాలి మంట నెత్తికెక్కింది. వీపున ఒక్కటిచ్చింది.

"మంట పుట్టల్యాదేమే, మొండిముండా?"

"మండుతాదిమా."

"మరి యాల చీకుతాండావే?"

రంజిత వేలు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎక్కిళ్ళ మధ్యే చెప్పింది.

"కోతకు పోయొస్తే నీకాడ ఇదే వాసనొస్తాది. ఇన్ని దినాలు నా ఏలికి ఆ వాసన ల్యాకుండె. ఇప్పుడు వస్తాండాదిమా."

డాక్టరమ్మ చూడమన్నది ఇదే కాబోలు. మహాదేవి కూతురి కళ్ళు తుడవబోయి చెయ్యి వెనక్కి లాక్కుంది. చేతి నిండా కారం. కొంగు అందుకుంది, అదీ కోతకు కట్టే చీరే.

వీధిలో టెంపో హారన్ మోగింది.

"పోవే, మేస్త్రి గొణుగుతాడు. పిల్లను నేను చూసుకుంటాలే" అంది మారమ్మ.

మహాదేవి పోయి టెంపో ఎక్కింది. తిరిగి చూస్తే రంజిత గడపలో నిలబడి వేలు చీకుతోంది. ఏడుపు మానేసింది.