విడుపుకు ముందు

ఆ గ్రహణం తెలుగునాట లేదు. మన దేశంలో కనబడదు గనక ఎవరూ ఏ నియమమూ పాటించనక్కర్లేదని టీవీలో పంతులుగారు తేల్చి చెప్పేశారు. అందుకే శాంతమ్మ నిశ్చింతగా ఉంది. కోడలు ఆశ్రితకు పురుడు పొయ్యడానికి ఆమె కాకినాడ నుంచి డబ్లిన్ వచ్చి మూడు వారాలైంది. శుక్రవారం సాయంత్రం, ఉగాదికి మామిడాకులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కుందామని పక్కింటి పుష్పవతి దగ్గరికి వెళ్తే, ఆవిడ మాటల్లో మాటగా, "రేపు పొద్దున గ్రహణమంట గదా పిన్నిగారూ! మా అబిగేయిల్‌కి బళ్ళో అట్ట కళ్ళద్దాలు కూడా ఇచ్చారు," అంది.

శాంతమ్మ మామిడాకుల సంగతి మరిచిపోయి ఇంటికొచ్చి, కాకినాడలో తమ పురోహితుడు శేషగిరిగారికి ఫోను చేసింది. అక్కడ అందరూ పడుకునే వేళ. ఆయన నిద్రగొంతుతోనే, "ఎక్కడ కనబడితే అక్కడే పట్టింపమ్మా. మాకు లేదు, మీకుంది," అన్నాడు.

"ఈ దేశంలో సూర్యుడే కనబడడు, ఇంక గ్రహణమేం కనబడుతుంది లెండి అత్తయ్యగారూ," అని ఆశ్రిత నవ్వబోయింది.

"నవ్వకే అమ్మాయ్. కడుపుతో ఉన్నదానివి."

ఆ గొంతు విని ఆశ్రిత నవ్వు మానేసింది. ఆమెకూ దేవుడంటే భక్తి ఉంది, పెద్దల మాటంటే గురి ఉంది. తొమ్మిదో నెల వచ్చింది. రెండు గంటలు గదిలో పడుకుంటే పోయేదేముంది అనుకుంది.

శనివారం పొద్దున్న ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. డబ్లిన్ శివారున వాళ్ళుండే ఆడమ్స్‌టౌన్‌లో నెల రోజులుగా అంత ఎండ రాలేదు. శాంతమ్మ పడకగది కర్టెన్ల మీద రెండు దుప్పట్లు కూడా వేలాడదీసి, వెలుతురు రేఖ లోపలికి రాకుండా చేసింది. తను తెచ్చుకున్న దర్భలు పాలమీద, ఊరగాయమీద, చివరికి కోడలి తలగడ కింద కూడా పెట్టింది. కత్తిపీట, చాకులు, కత్తెర, కొడుకు చక్రధర్ గడ్డం గీసుకునే బ్లేళ్ళు అన్నీ ఒక సంచిలో కట్టి మెట్ల కింద అలమరలో పడేసింది.

"తిన్నగా పడుకో. వంకర తిరక్కు. గోరు కూడా గిల్లుకోకు," అని చెప్పి, గది బయట కుర్చీ వేసుకుని స్తోత్రం చదువుకోవడం మొదలుపెట్టింది.

చీకట్లో పడుకున్న ఆశ్రితకు చెయ్యడానికి పనేమీ లేదు. ఫోను చూడకూడదు, పుస్తకం చదవకూడదు. ఆ వారమంతా ఆఫీసులో ఆఖరి పనులు అప్పగించడం, సెలవు పెట్టడం, ఇల్లు కడగడం, బట్టలు సర్దడం వీటితోనే గడిచిపోయింది. ఇన్నాళ్ళకు ఊరికే పడుకుని తన ఒంటిని తాను వినే తీరిక దొరికింది.

విన్నది. ఏమీ వినబడలేదు.

రోజూ పొద్దున్న టీ గొంతు దిగగానే బిడ్డ కుడివైపు పక్కటెముకల కింద ఒక్క తన్ను తన్నేది. ఇవాళ టీ లేదు గనక తన్నలేదేమో. పోనీ రాత్రి? పడుకునే ముందు కదిలిందా? గుర్తు రాలేదు. నిన్న మధ్యాహ్నం? సామాను మోసుకొచ్చింది, వంట చేసింది. కదిలే ఉంటుంది. కదిలే ఉంటుందని అనుకోవడం తప్ప, కదిలిందని ఆమెకు గుర్తులేదు.

అరచేతితో పొట్ట మెల్లిగా తట్టింది. పక్కకు తిరిగింది. మళ్ళీ తట్టింది. లోపల బరువు అటునుంచి ఇటు జారింది గానీ, అది బిడ్డ తానుగా కదిలిన కదలిక కాదు. నీళ్ళ బిందెలో నీళ్ళు ఊగినట్టు ఊగి ఊరుకుంది.

"అత్తయ్యగారూ!"

స్తోత్రం ఆగింది. "ఏవమ్మా?"

"బిడ్డ కదలట్లేదు."

"అదీ పడుకునుంటుందే. నీతో పాటే ఉపవాసం గదా. విడుపయ్యాక ఓ గ్లాసుడు పాలు తాగితే ఎలా గెంతుతుందో చూడు."

"కొంచెం చల్లనీళ్ళివ్వండి."

శాంతమ్మ ఒక క్షణం తటపటాయించి, నీళ్ళలో తులసాకు వేసి తెచ్చింది. ఆశ్రిత గ్లాసు మొత్తం తాగేసి ఎడమవైపు తిరిగి పడుకుంది. చన్నీళ్ళు తాగితే బిడ్డ ఉలిక్కిపడుతుందని ఎవరో అన్నారు. కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. బయట ఎవరో పిల్లలు కేరింతలు కొడుతున్నారు. "మామ్, ఎవరో కొరికేసినట్టుంది!" అని అబిగేయిల్ ఇంగ్లీషులో అరుస్తోంది. గ్రహణం పట్టిందన్నమాట.

లోపల ఏ ఉలికిపాటూ లేదు.

దేవుణ్ణి తలుచుకోబోయింది. ప్రశ్నలే వచ్చాయి. సూర్యుణ్ణి విడిపించే స్వామికి ఈ చీకటిగదిలో తన పొట్ట కనబడుతోందా? ఆయన ఈ దుప్పట్ల లోపలున్నాడా, బయటున్నాడా? ఈ రెండు గంటలూ కదలకుండా ఉండమన్నది ఆయనేనా, లేక మనమే అనుకుని ఆయన పేరు పెట్టామా? ఇలా అడగడం అపచారమేమో అని భయమేసింది. కానీ ఆ భయం కంటే పెద్ద భయం పొట్టలో బరువుగా, కదలకుండా కూర్చుంది.

లేచి కూర్చుని ఆసుపత్రికి ఫోను చేసింది. అవతల మిడ్‌వైఫ్ రెండే ప్రశ్నలు అడిగింది. ఎన్నో వారం, ఆఖరిసారి ఎప్పుడు కదిలింది. రెండో ప్రశ్నకు ఆశ్రిత, "గుర్తులేదు," అంది.

"ఇప్పుడే వచ్చెయ్యి లవ్. మధ్యాహ్నం దాకా ఆగకు. ఇప్పుడే," అంది ఆవిడ.

చక్రధర్‌కు చేసింది. అతను మూడు గంటల దూరంలో, కార్క్ దగ్గర రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో వారాంతపు పని మీద ఉన్నాడు. లోపలికి వెళ్ళేటప్పుడు ఫోను లాకర్లో పెట్టెయ్యాలి. మోగి మోగి ఆగిపోయింది. "నేను ఆసుపత్రికి వెళ్తున్నాను, నువ్వు బయల్దేరి వచ్చెయ్," అని మెసేజ్ పెట్టింది. అత్తగారి ముందు మీరు అనే మొగుణ్ణి ఫోనులో నువ్వు అనే అలవాటు వాళ్ళిద్దరి మధ్యదే. తర్వాత పుష్పవతికి చేసింది.

తలుపు తీసేసరికి శాంతమ్మ ఎదురుగా నిలబడి ఉంది. అంతా వినేసింది.

"ఇంకో గంటన్నర, అమ్మాయ్. ఒక్క గంటన్నర ఓపిక పట్టు."

"ఇప్పుడే రమ్మన్నారండీ."

"వాళ్ళకేం తెలుసే గ్రహణం సంగతి?"

"అయిదో నెల స్కానింగులో పెదవులూ అవీ బాగున్నాయన్నారు గదా అత్తయ్యగారూ. మీరు భయపడేదానికేమీ..."

"స్కానింగుకి గ్రహణం తెలుసా?" అంది శాంతమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. తలుపు రెండువైపులా చేతులు ఆనించి అడ్డంగా నిలబడింది. "మా పెద్దది గ్రహణం మొర్రితో పుట్టింది, నీకు తెలుసు. దానికి కుట్లు వేయించాం, చదివించాం, పెళ్ళి చేశాం. అన్నీ అయ్యాయి. కానీ నేను ఆ రోజు ఏదో కోశానని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉంది. చుట్టాల్లో అంది, పేరంటాల్లో అంది. నేనేం కోశానో నాకే గుర్తులేదు. వక్కపలుకేమో, తాడేమో. గుర్తు తెచ్చుకుని తెచ్చుకుని సగం జీవితం అయిపోయింది. ఆ మాట నిన్నెవరూ అనకూడదే. అందుకే నా ఏడుపంతా."

మొర్రి సంగతి తెలుసు గానీ, ఈ నింద సంగతి ఆశ్రితకు ఎప్పుడూ తెలియదు. అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"అంటే అననివ్వండి. మాట పడ్డానికైనా బిడ్డ ఉండాలి గదా అత్తయ్యగారూ."

కింద కారు హారన్ మోగింది. శాంతమ్మ చేతులు తలుపు మీంచి జారాయి. లోపలికెళ్ళి తన మందపాటి శాలువ తెచ్చి, కోడలి పొట్ట చుట్టూ రెండు చుట్లు చుట్టింది.

"పద. నేనూ వస్తాను."

పుష్పవతి నర్సింగ్ హోములో రాత్రి డ్యూటీ చేసి వచ్చి నిద్రపోకుండానే బయల్దేరింది. "నేను ప్రార్థన చేస్తున్నా పిన్నిగారూ, మీరూ చేసుకోండి. ఎవరిది ముందు అందినా పర్లేదు," అంది కారు నడుపుతూ. ఎండ ఉన్నా వెలుతురు పలచగా, నీళ్ళు కలిపినట్టు ఉంది. ఫుట్‌పాత్‌ల మీద జనం అట్ట కళ్ళద్దాలు పెట్టుకుని నవ్వుతూ పైకి చూస్తున్నారు. ఆశ్రిత శాలువ కింద రెండు చేతులూ పొట్టమీద పెట్టుకుని, ప్రతి సిగ్నల్ దగ్గరా, ఇప్పుడు కదులు, ఇప్పుడు కదులు అని లోపల బతిమాలుకుంది.

ఆసుపత్రిలో మంచమెక్కించి, పొట్టకు రెండు పట్టీలు బిగించారు. జెల్లీ చల్లగా తగిలింది. మిడ్‌వైఫ్ యంత్రపు బిళ్ళను అటూ ఇటూ జరుపుతుంటే బరబర శబ్దం తప్ప ఏమీ లేదు. ఆశ్రిత పైకప్పు చూస్తూ ఊపిరి బిగబట్టింది. శాంతమ్మ గోడకు ఆనుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది.

అప్పుడు వినబడింది. టకటకటక మని, దూరంగా గుర్రం పరుగెడుతున్నట్టు.

"గ్రాండ్! అదిగో నీ బేబీ," అంది మిడ్‌వైఫ్.

ఆశ్రిత ఏడ్చేసింది. శాంతమ్మ ఇంగ్లీషు తెలియకపోయినా ఆ శబ్దమేమిటో తెలిసి రెండు చేతులూ జోడించింది. మరి కొంతసేపటికి మిడ్‌వైఫ్ కాగితం చూసి ఇంకోసారి గ్రాండ్, అంటే బాగానే ఉందని, అంది. ఆ తర్వాత ఆ మాట అనడం మానేసింది. గుర్రం పరుగు మధ్యలో మెల్లబడుతోంది. మెల్లబడి, తడబడి, మళ్ళీ అందుకుంటోంది. మిడ్‌వైఫ్ గోడమీద మీట నొక్కింది. ఒక డాక్టరమ్మ వచ్చింది, ఆమె వెనుక ఇంకొకామె.

డాక్టరమ్మ మంచం పట్టె మీద కూర్చుని ఆశ్రిత కళ్ళలోకి చూసి చెప్పింది. బిడ్డ అలసిపోతోంది. లోపల ఉండడం కంటే బయటికి రావడం మంచిది. ఆపరేషన్ చెయ్యాలి. ఇప్పుడే.

"ఏవంటోంది?" అంది శాంతమ్మ.

"కోసి తియ్యాలంటున్నారు పిన్నిగారూ," అంది పుష్పవతి మెల్లిగా.

శాంతమ్మ కిటికీ వైపు చూసింది. పలచటి వెలుతురు ఇంకా అలాగే ఉంది. డాక్టరమ్మ ఆమె ముఖం గమనించి, "అమ్మగారికి ఏదైనా ఇబ్బందా?" అని అడిగింది. ఆశ్రిత రెండు ముక్కల్లో చెప్పింది. గ్రహణం, కత్తి, విడుపు. ఆమె నవ్వలేదు. "ఎంతసేపుంది?" అంది. సుమారు అరగంట అని తెలిసి, కాగితం మీద పడుతున్న గీతను చూసి తల అడ్డంగా ఊపింది. "అరగంట ఇవ్వగలిగితే ఇచ్చేదాన్ని. ఆ బిడ్డ దగ్గర అంత లేదు."

దీన్ని ఎవరూ తెలుగులో చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది.

ఆశ్రిత, "సరే, చెయ్యండి," అంది డాక్టరుతో. తర్వాత అత్తగారి వైపు తిరిగింది. అనుమతి కోసం కాదు. ఏదో ఒక మాట కోసం.

శాంతమ్మ మంచం దగ్గరికి వచ్చింది. ముఖమంతా చెమట. "కొయ్యమను," అంది. "తొందరగా కొయ్యమనవే తల్లీ."

మంచం కదిలింది. తలుపు దగ్గర మిడ్‌వైఫ్, "ఒక్కరు లోపలికి రావచ్చు. భర్త ఇంకా రాలేదా? అయితే ఎవరొస్తారు?" అంది. పుష్పవతి ఒక అడుగు వెనక్కి వేసి శాంతమ్మ వైపు చూసింది.

పొద్దుటి నుంచీ ఇంట్లో చాకు కంటబడనివ్వని మనిషికి నీలం గౌను తొడిగారు, జుట్టుకు టోపీ పెట్టారు. ఆశ్రిత తలవైపు స్టూలు వేసి కూర్చోబెట్టారు. నడుములో సూది గుచ్చాక ఆశ్రితకు కాళ్ళు తనవి కాకుండా పోయాయి. ఛాతీ దగ్గర పచ్చగుడ్డ తెర కట్టారు. తెర అవతల లోహం మీద లోహం పెట్టిన చప్పుడు అయినప్పుడల్లా శాంతమ్మ వేళ్ళు ఆమె చేతిని నొక్కుతున్నాయి. స్తోత్రం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి, మళ్ళీ మొదటికొచ్చి, చివరికి "స్వామీ, స్వామీ" అనే రెండక్షరాల దగ్గరే ఆగిపోయింది.

ఎవరో పొట్టలో చెయ్యిపెట్టి అటూ ఇటూ లాగుతున్నట్టు తెలుస్తోంది గానీ నొప్పి లేదు. ఒక పెద్ద లాగుడు. ఆ తర్వాత పొట్ట తేలికైపోయింది.

ఎవరో గబగబా నడిచారు. "ఏదీ? ఏడవదేం?" అంది ఆశ్రిత. శాంతమ్మ లేచి నిలబడి తెర మీంచి తొంగి చూసింది. ఆమెను కూర్చోమని ఎవరూ అనలేదు.

అప్పుడు సన్నగా, గరగరమంటూ, కోపంగా ఒక ఏడుపు వచ్చింది. ఆగి, ఊపిరి తీసుకుని, ఈసారి గట్టిగా వచ్చింది.

"అమ్మాయి!" అన్నారెవరో.

శాంతమ్మ స్టూలు మీద కూలబడింది. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అత్తయ్యగారూ... చూశారా? పెదవి...?"

శాంతమ్మ తల అడ్డంగా ఊపింది.

"చూళ్ళేదే తల్లీ," అంది శాంతమ్మ. "నోరు తెరుచుకుని ఏడుస్తుంటే ఆ ఏడుపే చూశాను. పెదవి సంగతే గుర్తు రాలేదు."

"మరి వెళ్ళి చూసి రండి."

"ఎందుకూ?" శాంతమ్మ గౌను చేతితో కళ్ళు తుడుచుకుంది. "వాళ్ళే తెస్తారు. అందాకా ఏడవనీ."