ఆగ్నెస్ ముక్కు మీద సొట్ట

లయొనెల్ తన రేసు కారుకి అత్తగారి పేరు పెట్టుకున్నాడు. ఆగ్నెస్. పొద్దున్నే ఓ పట్టాన లేవదు, లేచిందంటే ఊరంతా వినేలా అరుస్తుంది, ఎంత చేసినా ఇంకా ఏదో కావాలంటుంది, ఇంతకంటే తగిన పేరు ఎక్కడ దొరుకుతుందని అతని వాదన. అత్తగారికి ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ప్రతి రేసుకీ వచ్చి, "నా పరువు తీయకు" అని అల్లుణ్ణి గదమాయించి మరీ పంపేది.

1954లో చేసిన ఆకుపచ్చ కారు అది. అలాంటివి పన్నెండు చేస్తే ఐదు మిగిలాయి. ఆ ఐదింటిలో నాలుగు అద్దాల గదుల్లో, తాళ్ళ వెనకాల, ఎవరూ ముట్టుకోకుండా మెరుస్తున్నాయి. వాటి ధర అడిగితే ఎవరికైనా తల తిరుగుతుంది. ఆగ్నెస్ ధరా అంతే. అయినా ఆగ్నెస్ ఒక్కతే ఇంకా పరిగెడుతోంది, దెబ్బలు తింటోంది.

ఆ దెబ్బలన్నిటికీ వైద్యం చేసినవాడు హోరేస్ ప్లమ్‌ట్రీ. కోవెంట్రీలో రైలు పట్టాల పక్కన చిన్న షెడ్డు అతనిది. అల్యూమినియం రేకుని చెక్క సుత్తితో కొట్టి, కారు ఒంటికి కావలసిన వంపు తేవడం పని. ముప్ఫై ఆరేళ్ళలో ఆగ్నెస్ మీద పడిన సొట్టల్లో అతని చెయ్యి పడనిది లేదు. వేరే షెడ్లవాళ్ళయితే నలిగిన భాగం కోసేసి కొత్త రేకు అతికిస్తారు. హోరేస్‌కి ఆ మాట వింటేనే ఒళ్ళు మంట. కోసి పారేస్తూ పోతే చివరికి కారు ఎక్కడుంటుంది? పాత రేకునే బతిమాలి, వేడి చేసి, వెనక్కి తేవాలి. తెచ్చేవాడు.

లయొనెల్ పోయి రెండేళ్ళయింది. అతని కూతురు వెరిటీ స్టీరింగ్ పట్టుకుంది. మొదటి ఏడాది తండ్రిలాగే తోలింది, రెండు సొట్టలు తెచ్చింది, హోరేస్ తిట్టుకుంటూ, లోపల మురిసిపోతూ బాగుచేశాడు. ఈ ఏడాది ఏమైందో, మూడు రేసుల్లో మూడుసార్లూ ఆఖర్న వచ్చింది. ఈస్టర్ పండగ నాడు టీ తాగుతూ చావు కబురు చల్లగా చెప్పింది: "సెప్టెంబర్ దాకా తోలి, ఆగ్నెస్‌ని మ్యూజియంకి ఇచ్చేస్తాను అంకుల్. వాళ్ళు ఎప్పట్నించో అడుగుతున్నారు."

హోరేస్ "నీ కారు, నీ ఇష్టం" అన్నాడు. పిల్ల భయపడిందనుకున్నాడు. భయపడ్డవాళ్ళని బలవంతపెట్టకూడదు. కానీ ఆగ్నెస్ అద్దం వెనకాల నిలబడి ఉండటం తలుచుకుంటే, బతికున్న మనిషిని గోడకి తగిలించినట్టు అనిపించింది అతనికి.

1996 జూలైలో ఒక శనివారం, పాత విమానాశ్రయం రన్‌వే చుట్టూ వేసిన రేసు దారి. పొద్దుటి రేసు మొదలయ్యే ముందు హోరేస్ మడత కుర్చీ తీసుకుని బార్లీ అనే మలుపు దగ్గర కూర్చున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్ళు. కళ్ళజోడు లేకుండా కార్ల నంబర్లు కనబడవు, కానీ చెవులు మాత్రం పాము చెవులు. ఆగ్నెస్ గొంతు వంద కార్లలో ఉన్నా పట్టేస్తాడు.

మొదటి చుట్టు. ఆగ్నెస్ వచ్చింది, మలుపుకి చాలా ముందే గొంతు తగ్గించింది. రెండో చుట్టు. మళ్ళీ అక్కడే. మూడో చుట్టుకి హోరేస్ కళ్ళు మూసుకుని విన్నాడు. సరిగ్గా అదే చోట, గీత గీసినట్టు, యాక్సిలరేటర్ మీద కాలు లేచింది.

అతను చటుక్కున కళ్ళు తెరిచాడు. భయపడేవాళ్ళని ఎంతమందిని వినలేదు? భయమైతే ఒక చుట్టులో ఇక్కడ, ఇంకో చుట్టులో అక్కడ తడబడుతుంది. ఇది తడబాటు కాదు. ఇది ముందే అనుకుని చేస్తున్న పని. పిల్ల కావాలనే నెమ్మదిగా తోలుతోంది.

రేసు అయిపోగానే కుర్చీ అక్కడే వదిలేసి కార్లు నిలిపే చోటికి నడిచాడు. అప్పటికి వెరిటీ హెల్మెట్ తీసి బానెట్‌కి ఆనుకుని నిలబడి ఉంది. పక్కన నీలం కారు తోలే జాస్పర్ శాండ్‌విచ్ నములుతూ ఆటపట్టిస్తున్నాడు.

"ఏం వెరిటీ, ఆగ్నెస్‌ని రేసుకి తెచ్చావా, ఊరేగింపుకి తెచ్చావా? వెనకాల బాజాలవాళ్ళు కూడా ఉన్నారేమోనని చూశాను."

"నీ పని నువ్వు చూసుకో జాస్పర్."

"చూసుకుందామనే. నా వెనకాల ఎవరూ రాకపోతే అద్దం దేనికని ఆలోచిస్తున్నా."

"జాస్పర్, నువ్వెళ్ళి ఇంకో శాండ్‌విచ్ తిను" అన్నాడు హోరేస్. అతని మొహం చూసి జాస్పర్ మారుమాట లేకుండా జారుకున్నాడు.

హోరేస్ ఆమె ఎదురుగా టైరు మీద కూర్చున్నాడు.

"ఎందుకు పిల్లా?"

"ఏంటి ఎందుకు?"

"నాటకాలాడకు. బార్లీ దగ్గర ప్రతి చుట్టూ ఒక్కచోటే కాలు తీస్తున్నావు. నీకు భయం లేదు. మీ నాన్న కంటే నీకే తెగింపు ఎక్కువ. ఎవరి కోసం దాచుకుంటున్నావు దీన్ని? మ్యూజియం వాళ్ళు సొట్ట లేకుండా ఇమ్మన్నారా?"

"వాళ్ళేం అనలేదు."

"మరి?"

వెరిటీ చేతి తొడుగులు తీసి మళ్ళీ వేసుకుంది. అబద్ధం చెప్పడం ఆమెకి చిన్నప్పట్నుంచీ చేతకాదు.

"ఈస్టర్‌కి ముందు ఓసారి నీ షెడ్డుకి వచ్చా, గుర్తుందా? నువ్వు టీ కప్పు పట్టుకున్నావు. పిడి దగ్గర కాదు, కప్పుని పట్టుకున్నావు. పొగలు కక్కే టీ. ఐదు నిమిషాలు అలాగే పట్టుకుని కబుర్లు చెప్పావు. కింద పెట్టాక చూస్తే అరచెయ్యంతా ఎర్రగా కందిపోయింది. నీకు తెలియనే లేదు అంకుల్."

హోరేస్ చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, దొంగతనం చేసినవాడిలా.

"నేను పశువుల డాక్టర్ని. స్పర్శ పోయిన కాలు ఎలా ఉంటుందో రోజూ చూస్తాను. ఎన్నాళ్ళయింది?"

అతనివి నలభై ఏళ్ళు గిరగిరా తిరుగుతూ అదిరే రాపిడి మిషన్లు పట్టుకున్న చేతులు. ముందు చలికాలంలో వేళ్ళు తెల్లగా పాలిపోయేవి. తర్వాత ఎండాకాలంలో కూడా. రేకు నునుపైందో లేదో కంటికి తెలియదు, అరచేతికే తెలుస్తుంది. పల్చటి నూలు గుడ్డ పరిచి, దాని మీద చెయ్యి జరిపితే వెంట్రుకంత మిట్ట కూడా చెప్పేసేది ఆ చెయ్యి. ఇప్పుడు ఏమీ చెప్పడం లేదు.

"రెండు చలికాలాలయింది" అన్నాడు. "పోయినేడు నువ్వు తెచ్చిన రెండో సొట్ట ఉందే, అది అదృష్టం కొద్దీ కుదిరింది. మూడుసార్లు రంగు వేసి చూసుకుని, మూడుసార్లు గీకేసి మళ్ళీ కొట్టాను. నీకు చెప్పలేదు."

"ఆగ్నెస్‌కి సొట్ట పడితే నువ్వు చెయ్యలేనని చెప్పాల్సొస్తుంది. ఇంకోడి దగ్గరికి తీసుకెళితే నీ పనైపోయిందని నేనే నీ మొహం మీద చెప్పినట్టు. రెండూ నా వల్ల కాదు." అంది వెరిటీ. "అందుకే సొట్ట పడకుండా తోలుతున్నా. సెప్టెంబర్‌లో మ్యూజియంకి ఇచ్చేస్తే ఎవ్వరికీ ఏమీ చెప్పక్కర్లేదు."

హోరేస్‌కి కోపం వచ్చింది. ఆ కోపం వెనకాలే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి, వాటిని చూసి కోపం ఇంకా పెరిగింది.

"నా పరువు కోసం ఆగ్నెస్‌ని పాతిపెడతావా? ఎవరడిగారు నిన్ను? నేను కొట్టింది చూసి మురిసిపోవడానికి కాదు, మళ్ళీ గుద్దుకోవడానికి. గుద్దుకోకపోతే నేనెందుకు, నా సుత్తెందుకు? మధ్యాహ్నం రేసుంది కదా. సరిగ్గా తోలు. కావాలని గుద్దమనడం లేదు. దాచుకోవద్దంటున్నా."

"దెబ్బ తగిలితే?"

"తగిలినప్పుడు ఏడుద్దాం. ఇద్దరం కలిసి."

మధ్యాహ్నం ఎండ కాసింది. హోరేస్ మళ్ళీ బార్లీ మలుపు దగ్గరే కూర్చున్నాడు. మొదటి చుట్టులో ఆగ్నెస్ వచ్చింది. పొద్దున కాలు తీసిన చోటు దాటింది. గొంతు తగ్గలేదు. ఇంకా దాటింది. మలుపు అంచున అడ్డుగా పెట్టిన గడ్డిమోపుల వరస పక్కకి వచ్చాక గానీ బ్రేకు పడలేదు. వెనక చక్రాలు పక్కకి జారుతుంటే, ఆ జారుడుని పట్టుకుని, అచ్చం లయొనెల్ లాగే మలుపు తిప్పేసింది. హోరేస్ కుర్చీలోంచి లేచి నిలబడి ఏదో అరిచాడు. ఏమరిచాడో తర్వాత ఎవరడిగినా చెప్పలేదు.

ఆరో చుట్టుకి ఆమె నాలుగో స్థానంలో ఉంది. ముందు జాస్పర్ నీలం కారు. ఏడో చుట్టులో వెరిటీ లోపలి వైపు నుంచి దూరబోయింది. జాస్పర్ కారు జారింది. డొక్కు డబ్బా మీద కాలేసినట్టు ఒక చప్పుడు. నీలం కారు వెనక భాగం ఆగ్నెస్ ముక్కుకి తగిలి, రెండూ చెరో వైపు తిరిగి, మళ్ళీ దారిన పడ్డాయి. జెండా పట్టుకున్నతను చెయ్యెత్తాడు, ఎవరికీ ఏం కాలేదని.

ఆగ్నెస్ ఐదో స్థానంలో వచ్చింది. ముక్కు ఎడమ వైపు జానెడు మేర లోపలికి నొక్కుకుపోయింది, పక్కన రేకు ముడతపడి పైకి లేచింది. వెరిటీ దిగి దాన్ని చూసి ఒక చేత్తో నోరు మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ చేస్తోంది.

జాస్పర్ తలవంచుకుని పెద్ద కెటిల్ పట్టుకుని వచ్చాడు. సొట్ట పెట్టినవాడు ఆ కార్ల వరసలో వాళ్ళందరికీ టీ పెట్టాలని అక్కడి ఆనవాయితీ. ఎంత గొప్పవాడైనా తప్పించుకోలేడు.

"హోరేస్, నీకు చక్కెర రెండా మూడా?"

"మూడు. ముక్కు చూశావా? నాలుగు వేసినా తప్పులేదు."

వెరిటీ దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది. "ఇప్పుడేం చేద్దాం అంకుల్?"

"సోమవారం రా. ఆవుల దగ్గరికి వెళ్ళేముందు గోళ్ళు ఎలా కత్తిరించుకుంటావో, అలా కత్తిరించుకుని రా."

ఆమె అతని వంక చూసింది. అర్థమైంది. "నాకు ఆ పని రాదు."

"ఆవు కడుపులోకి భుజం దాకా చెయ్యి పెట్టి, దూడ కాలు ఏదో తల ఏదో చూడకుండా చెప్తావు. ఇది కళ్ళ ముందు బల్ల మీదే ఉంటుంది. రాకపోవడమేంటి?"

"మరి మ్యూజియం వాళ్ళకి?"

"ఆగ్నెస్‌కి పనుందని చెప్పు."

అంత ధీమాగా అన్నాడు గానీ, ఆదివారమంతా అతని మనసు మనసులో లేదు. రేకు బాగుందో లేదో చెప్పే హక్కు తన అరచేతికి తప్ప ఎవరికీ ఇచ్చినవాడు కాదు. పని నేర్చుకోవడానికి వచ్చిన ముగ్గుర్ని, "నీ చెయ్యి అబద్ధాలు చెప్తుంది" అని పంపించేశాడు. లయొనెల్‌ని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇప్పుడు ఆ హక్కు వెరిటీ చేతికి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆగ్నెస్ లేదు.

సోమవారం మధ్యాహ్నం వెరిటీ వచ్చింది. ఇద్దరూ ముక్కు భాగం విప్పి బల్ల మీద పెట్టారు. హోరేస్ నలిగిన చోటంతా బట్టల సబ్బు రుద్ది, కింద నుంచి మంట చూపించాడు. సబ్బు నల్లబడగానే ఆపేశాడు. అంతకు మించి ఒక్క క్షణం ఉంచితే రేకు కరిగిపోతుంది. చల్లారాక రేకు మెత్తబడింది. ఇసుక సంచి మీద పెట్టి, చెక్క సుత్తితో లోపలి నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. భుజం మర్చిపోలేదు, మణికట్టు మర్చిపోలేదు. సాయంత్రానికి సొట్ట పైకి లేచింది. దూరం నుంచి చూస్తే బాగైపోయినట్టే ఉంది.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. హోరేస్ నూలు గుడ్డ పరిచి పక్కకి జరిగాడు. అలా జరగడం అతనికి ఎంత కష్టమైందో వెరిటీ చూసింది, చూడనట్టు ఊరుకుంది.

"కళ్ళు మూసుకో. నొక్కకు. ఊరికే జరుపు."

ఆమె చెయ్యి జరిపింది. "అంతా బాగానే ఉంది."

"లేదు. మళ్ళీ జరుపు. తొందరేం లేదు."

రెండోసారి. మూడోసారి. నాలుగోసారికి ఆమె చెయ్యి ఆగింది. వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ముందుకొచ్చింది. మొహం మారిపోయింది.

"ఇక్కడ. చిన్న మిట్ట. బియ్యపుగింజంత కూడా లేదు. దాని పక్కనే పల్లం."

"వేలు పెట్టి చూపించు."

చూపించింది. హోరేస్ కింద ఇనుప దిమ్మ ఆనించి, పైనుంచి చిన్న సుత్తితో మూడు దెబ్బలు వేశాడు, తలుపు తట్టినంత మెల్లగా. వెరిటీ మళ్ళీ గుడ్డ మీద చెయ్యి జరిపింది.

"పోయింది."

"నిజంగా?"

"నిజంగా అంకుల్. లేదు."

అలవాటు కొద్దీ అతను తన అరచెయ్యి అక్కడ పెట్టాడు. వెచ్చదనం లేదు, చల్లదనం లేదు, మిట్ట ఉందో పోయిందో తెలియలేదు. కొంచెంసేపు అలాగే ఉంచాడు. తర్వాత చెయ్యి తీసేసి, సుత్తి అందుకున్నాడు.

"సరే తల్లీ. తర్వాతది ఎక్కడుందో చెప్పు."