పచ్చిగడ్డి పోచ

చిప్పును సన్న పట్టకారుతో పట్టుకుని సాకెట్టులో కూర్చోబెట్టి, తిరుమలయ్య లాప్‌టాప్ తెరవైపు అనుమానంగా చూశాడు.

పూతలపట్టు కూడలిలో పంక్చర్ల షాపుకూ టీ అంగడికీ నడుమ ఇరుక్కున్న, కంచె పెట్టెలు బాగుచేసే కొట్టు ఆయనది. బల్ల కింద పాత కంప్యూటరు గోనెపట్ట కప్పుకుని పడి ఉంది. పోయిన వానల్లో పిడుగుకు కాలిపోయింది. అది విండోస్‌తో నడిచేది. చిప్పుల్లోకి ప్రోగ్రాం ఎక్కించే సాఫ్ట్‌వేరు విండోస్‌ను తప్ప మరొకదాన్ని ఎరగదు. తిరుపతిలో ఏదో కాలేజీ వదిలించుకున్న ఈ లాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. విండోస్ బరువును ఈ ముసలిది మోయలేకపోయింది. చివరికి వైన్ అనే ప్రోగ్రామును మధ్యలో పెట్టి, ఇది విండోసేనని సాఫ్ట్‌వేరును నమ్మించి నడుపుతున్నాడు. టీ అంగడి గిరికి ఇదొక వేళాకోళం. తిరుమలయ్యన్న చిప్పులు కూడా వైను పోస్తే గానీ లేవడం లేదని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఆయన నవ్వి ఊరుకునేవాడు. కానీ తెర మీద అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కి కనబడినప్పుడల్లా, అబద్ధం చెప్పి పని చేయించుకుంటున్నట్టు లోపల గుబులుగా ఉండేది.

కుప్పుస్వామి గడప దగ్గర కాలు నిలవక తిరుగుతున్నాడు. గుట్టల కింద అతని చెరకు తోట. ముందు రాత్రి ఏనుగులు పక్క మడిని తొక్కి, కాపలా పడుకున్న మనిషిని గుడిసెతో సహా నలిపేశాయి. కంచె తీగలోకి కరెంటు దెబ్బలు పంపే అతని సోలార్ పెట్టె చచ్చి ఉంది. చీకటి పడేలోగా బిగించాలి.

ప్రోగ్రాం ఎక్కింది. ఇక మిగిలింది చిప్పు వేగాన్ని ఎనిమిదో వంతుకు తగ్గించే గడిలో టిక్కు పెట్టడం. పై నుంచి మూడోది. ఏళ్ల తరబడి చెయ్యి నేర్చుకున్న చోటు. చదవకుండానే పెట్టాడు. అంతా సరేనని తెర పచ్చగా వెలిగింది.

మామూలుగా అయితే పని అక్కడితో అయిపోదు. పెట్టెకు బ్యాటరీ తగిలించి, తీగ బయటికి లాగి, కాలువ పక్కన పచ్చిగడ్డి పోచ తుంచి, దాని కొసతో తీగను తాకేవాడు. చీమ కుట్టి, ఆగి, మళ్లీ కుట్టినట్టు ఉండాలి. అలా ఉంటే కూతురు వదిలేసిన గోళ్లరంగు సీసా తీసి, మూత మీద ఎర్ర చుక్క పెట్టేవాడు. కంచె వేశాక అలాగే పోచతో తాకి చూసుకొమ్మని రైతులకు నేర్పిందీ ఆయనే.

ఎండాకాలంలో తిరుపతి ఆసుపత్రిలో ఆయన గుండె పక్కన, అది ఆగకుండా కొట్టించే చిన్న మిషను పెట్టారు. చిన్న షాకు తగిలినా అది గతి తప్పుతుందని, కరెంటు ఛాయలకు పోవద్దన్నారు. భార్య పంకజాక్షి ప్రతిరోజూ క్యారియరు చేతికిస్తూ తన మీద ఒట్టు వేయించుకుంటుంది. ఈ సంగతి ఆయన కూడలిలో ఎవరికీ చెప్పలేదు. తీగ ముట్టలేని మెకానిక్కు దగ్గరికి ఎవరొస్తారు?

కాలువ వైపు వెళ్లబోయిన చెయ్యి వెనక్కి వచ్చింది.

"సుక్క పెట్టలేదేందన్నా?" అన్నాడు కుప్పుస్వామి.

"కంప్యూటరే సరేనన్నాదిలే. నువ్వు పో, పొద్దెక్కతా ఉండాది."

అన్నం తిని ఇంకో చిప్పుకు ప్రోగ్రాం ఎక్కించబోతూ గోళ్లరంగు సీసాను పక్కకు జరిపాడు. ఆ చెయ్యే మౌసుకు తగిలి తెర మీది పెట్టె కాస్త కిందికి జారింది. తెర పై అంచు పట్టీ చాటున, ఇంతసేపూ కనబడని ఒక వరుస బయటపడింది.

తాను మూడోదనుకున్నది నాలుగోది.

ఇప్పుడా చిప్పు ఎనిమిది రెట్లు వేగంగా కొడుతుంది. కంచె దెబ్బకూ దెబ్బకూ నడుమ ఉండే సందే మనిషి ప్రాణం. ఆ సందులోనే చెయ్యి వెనక్కి వస్తుంది. సందు లేకపోతే చెయ్యి తీగనే పట్టుకుంటుంది. కుప్పుస్వామి కంచె బిగించగానే గడ్డిపోచతో తాకి చూసేది అతని పెళ్లాం మునిరత్నమ్మ. నీళ్లు కట్టిన మడిలో, చెప్పుల్లేని కాళ్లతో.

ఫోను కలవలేదు. గుట్టల కింద ఎప్పుడూ కలవదు. కొత్త చిప్పు సాకెట్టులో పెట్టి, ఈసారి వరుసలను వేలితో తాకుతూ చదివి ఎక్కించాడు. సీసాను జేబులో వేసుకుని, ఎదురొచ్చిన ఆటోకు అడ్డం పడ్డాడు. దారిలో గతుకు పడ్డప్పుడల్లా మునిరత్నమ్మ చెయ్యే కళ్ల ముందుకొచ్చింది. ఆలస్యమైపోయి ఉంటే ఆ ఇంటి ముందు ఏ మొహంతో నిలబడాలో తెలియలేదు.

తోట గట్టు ఎక్కేసరికి కుప్పుస్వామి చెయ్యి స్విచ్చు మీద ఉంది. మునిరత్నమ్మ చేతిలో పోచ ఉంది.

"ముట్టొద్దు రత్నమ్మా!"

పెట్టె విప్పి చిప్పు మార్చాడు. స్విచ్చు వేస్తే పెట్టె టక్కుమంది. ఆగింది. మళ్లీ టక్కుమంది.

"ఇంగ సూడొచ్చునా అన్నా?" మునిరత్నమ్మ పోచ ముందుకు చాపింది.

ఆయన ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు.

"పొద్దున దాని మాట నమ్మి పంపించినాను. నా చెయ్యి సూడంది నీ చెయ్యి సూడకూడదు."

పోచ కొసతో తీగను తాకాడు. చీమ కుట్టింది. ఆగింది. మళ్లీ కుట్టింది. మొహంలో బిగువు సడలింది.

"సరిగ్గానే ఉండాది," అన్నాడు. రాతికూసానికి ఆనుకుని మెల్లగా కూర్చుని మంచినీళ్లు అడిగాడు. కుప్పుస్వామి అప్పటికే అవతలి మూల కంచె చూసి రావడానికి వెళ్లాడు. మునిరత్నమ్మ మోటారు దగ్గరికి పోయి చెంబు ముంచుకొచ్చింది.

ఆయన గడ్డం ఎదమీదికి వాలి ఉంది. అన్నా అని పిలిచింది. భుజం తట్టింది. పోచ వేళ్ల సందులోంచి జారి మట్టిలో పడింది. చెంబు కింద పెట్టి, కుప్పుస్వామి కోసం కేకలు వేస్తూ గట్టువెంట పరుగెత్తింది.

పక్కన మూత తీసిన గోళ్లరంగు సీసా ఉంది. పెట్టె మీద ఎర్ర చుక్క ఇంకా తడి ఆరలేదు.