బస్సు మీద దూదిమూట

మా ఊరికి ఆరు మైళ్లలో బుడేషావలి కొండ ఉంది. ఉరుసు రోజున ఆ కొండ మీది దర్గాలో పెద్ద దీపం పెడతారు. రాతి ప్రమిదలో ఏడు మూరల వత్తి. దానికి దూది ఏకి ఇచ్చేది మా ఇల్లు. మా ముత్తాత నాటి నుంచీ వస్తున్న సేవ ఇది. దానికి ఒకే ఒక్క నియమం ఉంది. ఏకే వింటి కిందికి వచ్చిన దగ్గర నుంచి దీపంలో చేరేదాకా ఆ దూది నేలకు తగలకూడదు. తగిలింది పనికిరాదు. వత్తి ఏడు మూరలకు తగ్గితే ఆ సేవ ఇంకో ఇంటికి పోతుంది.

ఆ మాట మా నాయనమ్మ మదార్‌బీ ముందు ఎవరూ అనరు.

దీపం దూదిని మా నాయన సిలార్ మంచం మీద ఏకుతాడు. నేను పక్కన కూర్చుని చెత్త ఏరి అందిస్తాను. ఏకిన దూది ఎంతగా పొంగుతుందంటే, నెత్తిన పెట్టుకు వెళ్లగలిగినంత తేలికైన మూటను ఇద్దరు కలిసి కావలించుకున్నా చేతులు అందవు. దాన్ని గట్టిగా కట్టకూడదు, అణిగితే ముద్దవుతుంది. అందుకని నాయనమ్మ ఉతికిన దుప్పటిలో పోసి నాలుగు చెంగులూ వదులుగా ముడేస్తుంది. ప్రతి ఏడూ దాన్ని బండిలో నాయనమ్మ ఒడిలోనే పెట్టుకుని, కొండ మెట్టు దాకా పోయి, మంచం మీద కూర్చున్న ముజావరు, అంటే దర్గా చూసుకునే పెద్దాయన, చేతికి ఇచ్చేవాళ్లం.

ఈ ఏడు బండి కొండ దాకా పోలేదు.

పోయినేడు కొండ కింద బండ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని పొద్దుగూకేదాకా ఎవరూ కదల్లేదు. అందుకని ఈసారి రెండు మైళ్ల ఇవతలే, రోడ్డు పక్క బీడులో బండ్లు విప్పాలన్నారు. అక్కడి నుంచి కొండకు బస్సులు తిరుగుతాయట. మేం చేరేసరికి ఆ బీడంతా నిండిపోయింది. నొగలు నేలకు వాల్చిన బండ్లు కనుచూపు మేర. ఊరికో గుంపు. ఎడ్ల మెడల్లో గంటలన్నీ కలిసి ఏదో పెద్ద ఏరు పారుతున్నట్టు మోత. ఈ నేల మీద ఇన్ని బండ్లు ఉన్నాయని నాకు అప్పటిదాకా తెలియదు.

రెండు గూడుబండ్లు మాత్రం ఆగకుండా మా పక్క నుంచి కొండ వైపు పోయాయి. కొండ కింద సొంత మామిడితోట ఉన్న షావుకారిగారి చుట్టాలవి.

"వాళ్లకు లోపల చోటుందటలే అమ్మా," అన్నాడు నాయన.

"చోటు కాదురా, చుట్టరికం ఉంది. నీకు లేదు. దిగు," అంది నాయనమ్మ.

అంతలో బస్సు వచ్చి హారన్ కొట్టింది. మా ఎడమెద్దు బెదిరి పలుపు తెంపుకోబోయింది. నాయన దాని ముక్కుతాడు పట్టుకున్నవాడు మరి వదల్లేకపోయాడు. మూట నేనే ఎత్తుకున్నాను. బస్సు తలుపు దగ్గర మూట పట్టలేదు. పక్కకు తిప్పినా పట్టలేదు.

కండక్టరు జక్రయ్య టోపీ వెనక్కి నెట్టి చూశాడు. "అవ్వా, ఇది మూటా మబ్బా? టాపు మీదకి ఎక్కించాల్సిందే."

"దీపం దూది నాయనా. కింద పడకూడదు. ఎవరో ఒకరు పట్టుకోవాలి."

"పైన కోళ్లగంపలు తప్ప మనుషుల్ని ఎక్కించకూడదు అవ్వా." మళ్లీ నా వంక చూశాడు. "సరే, ఈ పిల్ల కోడిపిల్లంతే ఉందిగా. ఎక్కమ్మాయ్, కమ్మీ వదలకు."

బస్సులో అందరూ నవ్వారు. పదిహేనేళ్ల పిల్ల ఇంతమంది ముందు నిచ్చెన ఎక్కడమేమిటని నాయనమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు, రెండు మైళ్లు నడవలేదు. "ఎక్కవే కరీమున్," అంది నేలకేసి చూస్తూ. నేను ఎవరినీ చూడకుండా ఎక్కాను. జక్రయ్య మూట అందించాడు.

బస్సు కదిలింది. నేను ఎప్పుడూ మా పెరటి గోడ కంటే ఎత్తు నుంచి లోకాన్ని చూడలేదు. ఇప్పుడు రోడ్డుకు రెండు పక్కలా మిరప కళ్లాలు తెరుచుకున్నాయి. ఒక కళ్లం ఎర్రదనం నాకు తెలుసు. వంద కళ్లాలు ఒక్కసారి చూస్తే అది రంగు అనిపించలేదు, నేలే లోపల నుంచి కాగుతున్నట్టుంది. వాటి మధ్య కోసేసిన పత్తిచేలు. వాటిని దాటి, ఆకాశానికి ఆనుకుని కొండ. దాని మీద తెల్లగా చిన్న గుమ్మటం. ఇదంతా ప్రతి ఏడూ ఇక్కడే ఉంది, నేనూ దీని పక్క నుంచే బండిలో పోయాను.

వాగు దగ్గర బస్సు ఒక్క ఊపున దిగి పైకి లేచింది. నేను రెండు చేతులతో కమ్మీ పట్టుకున్నాను. ఆ కాసేపే. ముడి వీడలేదు, అది ఉన్నచోటే ఉంది. దాని పక్క సందు నుంచి గాలి దూరింది. దుప్పటి ఉబ్బింది. తెల్లటి పాయ ఒకటి పైకి లేచి, సాగి, ముక్కలై, కళ్లాల మీదుగా పోయింది. దాని వెనకే ఇంకొకటి.

మూట మీద బోర్లా పడ్డాను. ఆపమని అరవాలి. అంతమంది వినేలా ఎన్నడూ అరిచినదాన్ని కాను. మడమలతో బస్సును తన్నాను. కోళ్లన్నీ గోల పెట్టాయి. ఆ గోలలో నా తన్నులు లోపలికి వినపడలేదట. తల మాత్రం ఎత్తి చూశాను. ఎర్రటి కళ్లాల మీద తెల్లటి దూది ఎగురుతోంది. ఎంత తేలిగ్గా పోతోందో, కిందికి దిగాలన్న తొందరే లేదు. మా సేవ పోతోందని నాకు తెలుసు. అయినా ఇంత అందమైనది నేను ఎన్నడూ చూడలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా తెలిశాయో ఇప్పటికీ చెప్పలేను.

కొండ కింద మొదటి మెట్టు పక్కన మంచం మీద ముజావరు అబ్దుల్ ఖాదర్ తాత కూర్చుని ఉన్నాడు. చుట్టూ జనం. జక్రయ్య మూట దించి మంచం మీద పెట్టాడు. సగానికి పడిపోయిన మూటను చూసి తాత, ఎప్పుడూ అడిగే మాటే అడిగాడు.

"నేల తగిలిందా?"

ఏటా ఆ మాటకు జవాబు నాయనమ్మే చెప్పేది. ఈసారి ఆమె నా వంక చూసింది. అందరూ నా వంక చూశారు.

"ఇది తగల్లేదు తాతా," అన్నాను. "మిగతాది వాగు దగ్గర ఎగిరిపోయింది. నేను పట్టుకోలేదు."

అన్ని మాటలు అంతమందిలో నేను మాట్లాడడం అదే మొదటిసారి. నాయనమ్మ తిడుతుందని కళ్లు మూసుకున్నాను.

"పిల్లదేం లేదు ఖాదరన్నా," అంది నాయనమ్మ. "ముడి నాది. బండికేసే ముడి బస్సుకేశాను."

మంచం పట్టె మీద కూర్చుని, మిగిలిన దూదితోనే వత్తి పేనడం మొదలుపెట్టింది. నేను అందిస్తూ పోయాను. తాత మూరేసి చూశాడు. నాలుగు మూరలు, ఒక జాన.

"సాయంత్రం అసరు నమాజు దాకా ఆగుతాను మదార్‌బీ," అన్నాడు తాత. అంతకు మించి ఆయన చేతిలో ఏమీ లేదు.

మా వెనక నిలబడి ఇదంతా విన్న జక్రయ్య, ఖాళీ బస్సు ఎక్కి వెనక్కి పోయాడు. దారి పొడుగునా కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడని తర్వాత తెలిసింది. "దీపం దూది! నేలమీద పడింది వద్దు! పడనిదే కావాలి!"

గంట తర్వాత అతని బస్సు మళ్లీ వచ్చింది. టోపీ బోర్లించి మంచం మీద దులిపాడు. పిడికెడు దూది. "వాగు పక్క తుమ్మచెట్టు ముళ్లకు పట్టుకుంది తాతా. ఎక్కి తీశా. ప్యాంటు చిరిగింది, దూది చిరగలేదు."

తర్వాత ఒక రైతు వచ్చాడు. ఆయన ఎద్దు కొమ్ముకు చిక్కుకుందట. ఆ తర్వాత, మిరప కళ్లం నుంచి ఒకావిడ మెడ బిగబట్టుకుని నడిచి వచ్చింది. పేరు సుబ్బరావమ్మ. జుట్టు మీద తెల్లటి పింజ.

"మీరే తియ్యండి బాబూ. నేను ముట్టుకోలేదు. అరమైలు తల తిప్పకుండా వచ్చా, మెడ పట్టేసింది."

ఆమె వెనకాల వచ్చిన ముసలాయన చేతిలో దూది ఎర్రగా ఉంది. "నేను అబద్ధం ఆడను సాయిబుగారూ. ఇది కాయల మీద పడింది."

"కాయలు నేల మీదేగా ఉన్నాయి?" అన్నారెవరో.

"కాయలు నేల మీద ఉన్నాయి. దూది కాయల మీద ఉంది. నేలకేం తగిలింది?" అని సుబ్బరావమ్మ పట్టేసిన తన మెడ పట్టుకునే వాదనకు దిగింది.

తాత ఆ దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి గట్టిగా తుమ్మాడు. "తగల్లేదు. వెయ్యండి."

కాలినడకన వచ్చేవాళ్లు ఒక్కొక్కరే మంచం దగ్గర ఆగారు. తలపాగాలోంచి, పసిపిల్ల ఉయ్యాలగుడ్డలోంచి, బండి గూటి చాప మీది నుంచి ఏరి తెచ్చారు. దర్గాకు ఎన్నడూ రానివాళ్లు కూడా ఉన్నారు. నాయనమ్మ తల ఎత్తలేదు, పేనుతూనే ఉంది. అయిదు మూరలు. ఆరు. అసరు నమాజుకు పిలుపు వినపడుతుండగా తాత చివరి మూర వేశాడు. ఏడు మూరల మీద రెండు వేళ్లు.

వత్తి పైకి మోసుకుపోయారు. నాయనమ్మ నా భుజం పట్టుకుని, ఆగి ఆగి మెట్లెక్కింది. వత్తిని ప్రమిదలో చుట్టి వెలిగించారు. వత్తిలోని మిరప ఘాటు ఒక్కసారి లేచింది. గుమ్మటం కింద ఉన్నవాళ్లంతా దగ్గారు, తుమ్మారు, ముజావరుతో సహా. అయినా మంట నిటారుగా నిలబడింది.

నేను ఊపిరి కోసం బయటికి, మెట్ల అంచుకు వచ్చాను. ఎండ వాలుతోంది. కింద ఆ ఎర్రటి మైదానమంతా నాకు కనిపించింది. కళ్లాల మధ్య గట్ల మీద, రోడ్డు మీద, బీడు నుంచి, ఇంకా మనుషులు వస్తూనే ఉన్నారు. కొందరు బిగించిన పిడికిలిని తలకంటే పైకెత్తి పట్టుకుని, నేలకు దూరంగా, జాగ్రత్తగా నడుస్తున్నారు. వత్తి నిండిందని వాళ్లకు తెలియదు.

"నాయనమ్మా, ఇక అక్కర్లేదని కింద చెప్పి రానా?" అన్నాను.

ఆమె నా పక్కకు వచ్చి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని కిందికి చాలాసేపు చూసింది.

"వద్దని ఎట్టా చెప్తావే? పో. పోయి తీసుకో."

నేను ఓణీ చెంగు రెండు చేతులా చాపి పట్టుకుని మెట్లు దిగాను.